తల లేని బొమ్మలు

రాజమండ్రి
కార్తీక సోమవారం

నీలవేణి అత్తయ్యకి మీ మేనకోడలు మంజుష నమస్కారం.

కవరు మీద "ముగ్గుల డిజైన్లు" అని రాసి పంపుతున్నాను. మీ ఫోను ఎప్పుడూ హాల్లో ఛార్జింగ్‌లోనే ఉంటుందనీ, ఎవరు పడితే వాళ్ళు తీసి చూస్తారనీ మీరే చెప్పారు కదా. ముగ్గులంటే మగవాళ్ళు ముట్టుకోరు. వాట్సాప్ కంటే ఇదే భద్రం.

నాకు ఒక పని దొరికింది. ఇక్కడ ఒక నర్సింగ్ కాలేజీలో మెట్ల పక్క గోడ మీద గర్భసంచి బొమ్మ వెయ్యాలి. "పుస్తకంలో ఉన్నట్టే వేసెయ్యమ్మా, పేర్లు మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అలా వేసేస్తే వారంలో అయిపోయేది. నేను ఊరుకుంటానా? ఇంతకాలం దీన్ని ఎవరెవరు ఎలా వేశారో చూద్దామని కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఇంకా లేవలేదు.

అత్తయ్యా, నవ్వి చస్తారు. పూర్వం గ్రీకు వైద్యుల్లో కొందరు గర్భసంచి ఒంట్లో జంతువులా తిరుగుతుందని నమ్మేవారట. గుండె దగ్గరికి వస్తే ఆయాసం, గొంతు దగ్గరికి వస్తే మాట పడిపోవడం. దాన్ని కిందికి దించడానికి ముక్కు దగ్గర కంపు సరుకు, కింద సాంబ్రాణిలాంటి సువాసనలు పెట్టేవారట. తరవాత వచ్చినవాళ్ళు అందులో ఏడు గదులున్నాయన్నారు. కుడివైపు గదులు మగపిల్లలకి, ఎడమవైపు ఆడపిల్లలకి. ఇంకొన్ని పాత బొమ్మల్లో అది బోర్లించిన సీసాలా ఉంటుంది. లోపల పసిగుడ్డు కాదు, కాళ్ళూ చేతులూ చాపి కసరత్తు చేస్తున్న బుల్లి మగమనిషి. ఇటలీలో ఒక గొప్ప చిత్రకారుడు మాత్రం బిడ్డను ఎంత ముద్దుగా ముడిచి పడుకోబెట్టాడో! కాని బిడ్డ చుట్టూ వేసిన మాయ ఆవుది. మనిషిది చూడటానికి దొరక్క ఆవుది చూసి అతికించాడు. ప్రింటు పెడుతున్నాను, చూడండి.

మన ఆలంపురం మ్యూజియంలో ఒక రాతి అమ్మవారు ఉంది. కాళ్ళు ముడిచి ప్రసవానికి కూర్చున్నట్టు ఉంటుంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వు.

ఇన్ని చూశాక నాకు ఒకటి పట్టుకుంది. సంచి ఉంటుంది, బిడ్డ ఉంటాడు, ఆ సంచి ఎవరిదో ఆవిడ ముఖం ఉండదు. నేను వేసేదానికి ముఖం ఉండాలి. మీ ముఖం వేసుకోనా? ఎడమ చెంప మీది పుట్టుమచ్చతో సహా.

ఇంకో మాట. అమ్మిరాజు బాబాయి ఇంట్లో పెళ్ళిలో మీరు రెండుసార్లు తల తిరిగి కూలబడ్డారు. అడిగితే ఎండ అన్నారు. రాత్రి ముహూర్తం పెళ్ళిలో ఎండ ఎక్కడిది అత్తయ్యా?

మంజుష


సీతయ్యగరువు, భీమవరం దగ్గర
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు

మంజూ,

నీ ముగ్గులు అందాయి. మా అత్తగారు "ఏం ముగ్గులే, నాకూ చూపించు" అన్నారు. మెలికల ముగ్గులండి, మీకు కళ్ళు లాగుతాయి అని దాటేశాను. ఇలా అబద్ధాలాడించి నన్ను నరకానికి పంపేలా ఉన్నావు.

నా ముఖమా? మతి పోయిందా నీకు? నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వీధి అరుగు మీదకి రావాలంటే, ముందు మా అత్తగారు తొంగిచూసి వీధిలో ఎవరూ లేరని చెప్పాలి. అలాంటి రాజుల ఇంటి కోడలి ముఖం తీసుకెళ్ళి గర్భసంచికి తగిలించి కాలేజీ మెట్ల దగ్గర నిలబెడతావా? నీ ముఖమే వేసుకో. సంబంధాలు తోసుకుంటూ వస్తాయి.

ఆ ఇటలీ ఆయన బొమ్మ చూడగానే నవ్వొచ్చింది. ఆ గుండీలు గుండీలుగా ఉన్నదాన్ని మా గేదె ఈనినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. అయినా బిడ్డను ప్రేమగా వేశాడు పాపం.

ఎండ సంగతి అడిగావు. రక్తం తక్కువగా ఉందిట, అంతే. ఆ సంచి గోల కూడా ఇంక ఎన్నాళ్ళో లేదులే. మాఘంలో తీయించేస్తున్నారు. టౌన్లో డాక్టరుగారు లోపల గడ్డ ఉందన్నారు, పిల్లలు అయిపోయారు కదా ఇంక దాంతో పనేంటి అన్నారు. మీ మావయ్యగారు సరే అన్నారు. కంగారు పడకు, మా ఇంట్లో ఇది కొత్త కాదు. మా అత్తగారికి ముప్ఫై రెండో ఏట తీశారు. మా తోటికోడలికీ తీశారు. చెవులు కుట్టించుకున్నంత మామూలుగా చెబుతారు.

పైగా ఫాల్గుణంలో జాతర. అమ్మవారి గరగ బయల్దేరితే మొదట ఆగేది మా గుమ్మం ముందే అని నీకు తెలుసు. చంద్రరావు ఆ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చి నిలబడితే, ఇంటి పెద్ద ఆడది పసుపునీళ్ళు పోసి బొట్టు పెడితేగాని అడుగు ముందుకు పడదు. ఇన్నేళ్ళూ మా అత్తగారు పోశారు. ఇప్పుడావిడకి మోకాళ్ళు లేవడం లేదు, నాకు అప్పగించారు. నాకు చూస్తే ఎప్పుడొస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆ రోజు ఆటంకం వస్తే ఎలా అని ఆవిడ బెంగ. అందుకని జాతరకి ముందే ఆ పని అయిపోతే మంచిదని అందరూ అనుకున్నారు.

తింటున్నావా వేళకి?

నీలవేణి


రాజమండ్రి
పోలి స్వర్గం మర్నాడు

అత్తయ్యా,

ముందంతా బొమ్మల మీద నవ్వి, అసలు సంగతి గేదె తరవాత రాశారు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డాక్టరుగారు అన్నారు. మావయ్యగారు సరే అన్నారు. మీ అత్తగారు పాపాయమ్మ గారికి బెంగ. అందరూ అనుకున్నారు. మీరేమన్నారు? ఎంత వెతికినా ఆ ఉత్తరంలో మీ మాట లేదు.

తీయించుకోవద్దని నేను అనడం లేదు. అవసరమైతే తీయాల్సిందే, దాంతో ప్రాణాలు దక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. కాని జాతరకి అడ్డం వస్తుందని తీస్తారా? పందిరికి అడ్డమొచ్చిందని కొమ్మ కొట్టినట్టు?

రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక పెద్ద డాక్టరు, నిండు చూలాలుగా చచ్చిపోయిన ఆడవాళ్ళను కోసి బొమ్మలు గీయించాడు. బిడ్డ చెవి మడతతో సహా ఎంత చక్కగా ఉంటుందో. కాని తల్లి తొడలు మాంసం కొట్లో నరికినట్టు అడ్డంగా నరికి ఉంటాయి. పేరు లేదు, ఊరు లేదు, తల లేదు. దాన్ని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మీ ఉత్తరం చదివాక ఆ బొమ్మే గుర్తొచ్చింది. కోపం వస్తే రానివ్వండి.

ఇక్కడ ప్రిన్సిపాల్ గారూ అదే పాట. నా స్కెచ్ చూసి "తల ఎందుకమ్మా? పరీక్షలో తల అడగరు" అన్నారు.

మీ స్కాన్‌లో ఏముందో మీరు చూశారా? ఈ కాలేజీకి పాఠం చెప్పడానికి డాక్టర్ ఉషారాణి గారు వస్తారు. ఆడవాళ్ళ డాక్టరే. అడిగినదానికి విసుక్కోకుండా చెబుతారు. ఒక్కసారి వచ్చి చూపించుకోండి. ఆ తరవాత మీ ఇష్టం. నిజంగా మీ ఇష్టం అయితే నేనింక నోరెత్తను.

మంజుష


సీతయ్యగరువు
మార్గశిరం, రెండో గురువారం

మంజూ,

కోపం వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను, చదువు.

నువ్వు బొమ్మలు చూసి అన్నం మానేశావు. నేను ఏడాదిగా ముదురు రంగు చీర తప్ప కట్టలేదు. ఎవరింటికైనా వెళితే సోఫాలో కూర్చోను, చెక్క కుర్చీ వెతుక్కుంటాను. లేచేముందు వెనక ఎవరున్నారో చూసుకుని లేస్తాను. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. తీసేస్తాం అంటే నాకు ఒక పక్క పండగలా అనిపించింది. ఆ సంగతి నీకు రాయలేదు, నువ్వు పాఠం చెబుతావని. చెప్పనే చెప్పావు. నీ గోడ మీద సంచి నొప్పి పెట్టదు, మరక చెయ్యదు. దాన్ని మొయ్యడం ఒకటి, వెయ్యడం ఒకటి.

ఇంతవరకూ రాసి కవరు అంటించాను. తరవాత నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేదని గుర్తొచ్చి మళ్ళీ చింపాను.

లేదు మంజూ, చూడలేదు. స్కాన్ తీసినప్పుడు తెర డాక్టరుగారి వైపు ఉంది. తరవాత గోడ మీద చార్టు ఉంటే, పెన్ను పెట్టి మీ మావయ్యగారికి చూపించి చెప్పారు. నేను పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. ఫైలు ఆయన బీరువాలో ఉంది. నా కడుపులో ఉన్నదాన్ని నేను తప్ప అందరూ చూశారు.

ఇంకోటి కూడా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. చెరువులో రొయ్య ఎర్రబడితే మీ మావయ్యగారు నీళ్ళు ఒక ల్యాబులో, మట్టి ఇంకో ల్యాబులో, రొయ్య మరో ల్యాబులో చూపించిగాని మందు చల్లరు. నన్ను ఒక్క చోట చూపించారు. ఆయన చెడ్డవారు కాదు, నీకు తెలుసు. నేను తూలి పడితే పరిగెత్తుకొచ్చి పట్టుకుంది ఆయనే. కాని రొయ్యపాటి విచారణ కూడా నాకు జరగలేదు.

జాతరకి అమ్మవారికి చీర కొనాలి. భీమవరంలో దొరకవా అంటే, రాజమండ్రిలో అయితే జరీ బాగుంటుందన్నాను. వచ్చే గురువారం పొద్దుటి రైలుకి వస్తున్నాను. తోడు ఎవరూ అక్కర్లేదన్నాను. మీ ఉషారాణి గారికి ముందే చెప్పు, నాది నాకు చూపించాలని.

నీలవేణి


రాజమండ్రి
మార్గశిర మాసం ఆఖరు

అత్తయ్యా,

ఉషారాణి గారు లోపలినించి తీసి ల్యాబుకి పంపిన ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. చెడ్డదేమీ లేదు. ఆ మాట ముందు రాసేస్తే మీరు మిగతాది నిదానంగా చదువుతారు.

ఆ రోజు మీరు మాట్లాడకుండా రైలెక్కేశారు. నేనూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాను.

ఉషారాణి గారు తెర మీవైపు తిప్పి, "ఇదిగోనండి, ఇదీ మీది" అన్నప్పుడు మీరు గుప్పెడు మూసి దానివైపు చూసుకున్నారు. "ఇంతేనా అండి? ఇందులోనేనా ఇద్దరు పట్టింది?" అన్నారు. నేను గోడ మీద మనిషెత్తు వేస్తున్నదాన్ని మీరు గుప్పిట్లో పట్టుకున్నారు. నిమ్మకాయంత గడ్డ ఉంది, దాని మానాన అది కూర్చుంది, దానివల్లే ఇంత రక్తం పోతుందని నేననుకోను అన్నారావిడ. తరవాత అడిగారు, నెలసరి వాయిదా పడటానికి మాత్రలు వేసుకుంటారా అని.

మీరు నా వంక చూసి, "అందరూ వేసుకునేవేగా అండి" అన్నారు.

శ్రావణ శుక్రవారానికి. వ్రతాలకి. ప్రతి పెళ్ళికి. రొయ్యలు పట్టే రోజుకి. చుట్టాలొస్తే వంటకి. పూజగదిలో కుంకుమ భరిణె పక్కనే మాత్రల అట్ట ఉంటుందని, అయిపోతే కర్పూరంతో పాటు తెప్పిస్తారని మీరే చెప్పారు. మొదటి డాక్టరుగారు కూడా మందులేమైనా వాడుతున్నారా అని అడిగారట. మావయ్యగారు "ఏమీ వాడదండి" అన్నారట. మీరు పక్కనే ఉండి దిద్దలేదేమని నేను అడిగితే ఏమన్నారో గుర్తుందా? "అవి మందులు కాదుగా మంజూ, పూజ సామాను." ఆ మాట అన్నాక మీరే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆపమన్నప్పుడల్లా ఆగి, వదిలినప్పుడల్లా వచ్చి, మీ ఒళ్ళు లెక్క మర్చిపోయింది" అన్నారు ఉషారాణి గారు. ముందు ఆ మాత్రలు మానెయ్యమన్నారు. రక్తానికి మందులిచ్చారు. మూడు నెలలు చూద్దాం, దారికి రాకపోతే అప్పుడు ఆపరేషన్ మాట అనుకుందాం, మీరేమంటారు అన్నారు.

మీరేమంటారు అనగానే మీరు వెనక్కి తిరిగి చూశారు. అక్కడ ఎవరున్నారని అత్తయ్యా?

మంజుష


సీతయ్యగరువు
పుష్యం

మంజూ,

వెనక ఎవరూ లేరు. అదే ఆ రోజు రైల్లో అంతా ఆలోచించాను.

ఇంట్లో చెప్పాను. మీ మావయ్యగారు "చీర కొంటానని వెళ్ళి ఈ పనా?" అన్నారు. తరవాత రిపోర్టు చూశారు. తరవాత "మన డాక్టరుగారు ఇరవై ఏళ్ళుగా మనింటికి తెలిసిన మనిషి, ఆయన మాట కాదని ఎలా వస్తాం?" అన్నారు. నేను చచ్చిపోతానేమోనని ఆయన భయం, డాక్టరుగారు నొచ్చుకుంటారని ఆయన మొహమాటం. రెంటిలో ఏది ఎక్కువో ఆయనకే తెలియదు.

మా అత్తగారు ఆ మాత్రల అట్ట చేతిలోకి తీసుకున్నారు. "నీకు మంచనే ఇచ్చానే. మా రోజుల్లో ఇవి కూడా లేవు, పశువుల సావిట్లో పడుకునేవాళ్ళం" అన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, అదే చిక్కు. అంతలోనే "పోనీ ఈ ఒక్క జాతరకి వేసేసుకో, తరవాత మానేద్దువు గాని" అన్నారు. వేసుకోనన్నాను. అయితే మాఘంలో ఆపరేషనే ఖాయం అన్నారు. మంచిరోజు చూసేశారు. కారు చెప్పేశారు. మా తోటికోడలు తోడు ఉండటానికి బట్టలు కూడా సర్దుకుంది.

నీకు పెద్ద మాటలు రాయలేను మంజూ. ఆ రోజు పొద్దున్న నేను కారెక్కుతానో మానతానో ఈ నిమిషం నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళు సరే అన్న నోరు ఇది.

నీలవేణి


రాజమండ్రి
పుష్య బహుళం

అత్తయ్యా,

నాకూ ఇక్కడ యుద్ధమే. మీరు వద్దన్నారని మీ ముఖం వెయ్యలేదు. ఊహించి ఒక ముఖం వేశాను, ఎవరిదీ కాదు. ఆదివారం నేను లేనప్పుడు ప్రిన్సిపాల్ గారు పైనించి మెడ దాకా సున్నం కొట్టించారు. సోమవారం వెళ్ళేసరికి తల లేని ఆడది నిలబడి ఉంది. పిల్లలు ఆ పక్కనించే మెట్లెక్కుతున్నారు. తల లేకుండా పూర్తి చెయ్యనని చెప్పి బ్రష్షులు కడుక్కుని వచ్చేశాను. ప్రిన్సిపాల్ గారు ఇంకా ఫోన్లు చేస్తున్నారు, చెయ్యనివ్వండి.

అన్ని బొమ్మల్లోనూ ఒక్క బొమ్మ నాకు నచ్చింది. ఐదు వందల ఏళ్ళ నాటి ఇటలీ పుస్తకంలోది. ఒకావిడ నిలబడి ఉంటుంది. కాళ్ళ కింద పుస్తకాలు. ముసుగు తనే ఎత్తి, పక్కన పెట్టిన గర్భసంచిని తనే వేలు పెట్టి చూపిస్తుంది. గీసింది మగవాళ్ళే. అయినా ఆవిడ వేలు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. కాగితం మడిచి పెడుతున్నాను, ఉంచుకోండి.

మీ గరగ గురించి కూడా ఆలోచించాను. మనవాళ్ళు కడుపు బొమ్మ వెయ్యాలనుకున్నప్పుడల్లా కుండనే వేశారు. రాతిలో చెక్కినా కుండే, పెళ్ళిలో పెట్టినా కుండే, అమ్మవారిని ఊరేగించినా కుండే. గుడి లోపలి గదికి గర్భగుడి అని పేరు పెట్టారు. ఆ కుండకి దణ్ణం పెట్టడానికి, ఆ గుమ్మం తొక్కడానికి మాత్రం నిజం కడుపు అడ్డం. దాన్ని మాత్రలతో నోరు మూయించాలి, లేదా కోసి పారెయ్యాలి. నాకు ఇది ఒప్పడం లేదు అత్తయ్యా. ఏ అమ్మవారు ఒప్పుకుంటుందో నాకు చూపించండి.

మీరు కారెక్కినా నేను మీ మేనకోడలినే. ఆసుపత్రికి వచ్చి పక్కన కూర్చుంటాను. కాని ఎక్కితే మీరై ఎక్కండి.

మంజుష


సీతయ్యగరువు
జాతర మర్నాడు

మంజూ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. అంతా అయ్యాక ఒక్కసారే రాద్దామని ఆగాను. గ్లాసుడు మంచినీళ్ళు పెట్టుకుని చదువు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఏమీ తినకూడదన్నారు. మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారు. నేను లేచి తలంటు పోసుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి మందపాటి మూకుడు పొయ్యి మీద పెట్టి దిబ్బరొట్టె వేశాను. సన్నసెగ మీద, అడుగు ఎర్రగా కాలేదాకా, తొందర లేకుండా. వాసన ఇల్లంతా పట్టింది. పళ్ళెంలో పెట్టుకుని, చెరుకు పానకం పోసుకుని, హాల్లో అందరి మధ్యా కూర్చుని తినడం మొదలుపెట్టాను. మా తోటికోడలు బ్యాగు చేత్తో పట్టుకుని నోరు తెరిచి నిలబడింది.

"ఏంటిది నీలవేణీ, ఈ పూట తినకూడదన్నారు కదా?" అన్నారు మీ మావయ్యగారు.

"ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు తినకూడదండి" అన్నాను.

ఆయన కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. నేను తల దించలేదు. మరో ముక్క తుంచుకున్నాను. చివరికి ఆయన తాళాలు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, "నాకూ ఒక ముక్క పెట్టు" అన్నారు. అది ఒప్పుకోవడమో ఆకలో నాకింకా తెలియదు. పెట్టాను. డాక్టరుగారికి ఫోను ఆయనే చేశారు.

అక్కడితో అయిపోలేదు. మందులకి రక్తం అదుపులోకి వచ్చింది. నెలసరి ఒక దారిన పడింది. ఎంత బుద్ధిగా పడిందంటే, సరిగ్గా నిన్న, జాతర రోజు పొద్దున్న వచ్చింది. సంతోషించాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఎవరికీ చెప్పకుండా పోసెయ్యొచ్చు. ఎందరు అలా చేశారో. కాని దాచుకుంటే మళ్ళీ నేను తల లేని బొమ్మనే కదా అనిపించింది. నీ ఇటలీ ఆవిడ కాగితం బొడ్లో దోపుకున్నాను. నవ్వకు.

డప్పులు దగ్గరికొచ్చాయి. ఊరంతా గుమ్మం ముందు. చంద్రరావు గరగ నెత్తిన పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పువ్వులూ వేపాకుల కింద కుండ కనిపించడం లేదు. అతని కాళ్ళకి చెప్పులు లేవు, తారు రోడ్డు కాలిపోతోంది. నేను పసుపునీళ్ళ బిందె ఎత్తుకుని గడప దిగి, అందరికీ వినపడేలా అన్నాను.

"చంద్రరావూ, నేను పొద్దున్నే బయట చేరాను. మాత్ర వేసుకోలేదు. ఇలాగే పోస్తాను. నువ్వు పోయించుకుంటానంటేనే."

డప్పు ఆగిపోయింది. అతను పాపం నియమం మీద ఉన్న మనిషి, బిత్తరపోయి మా అత్తగారి వైపు చూశాడు. మీ మావయ్యగారు నేల చూశారు. మా అత్తగారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఆవిడ వద్దంటే నేను బిందె దింపాల్సిందే, ఊరు ఆవిడ మాటే వింటుంది. నన్ను చూశారు. నన్ను కాదు, నా నడుము దగ్గర ఉన్న బిందెను చూశారు.

"పొయ్యనియ్యవయ్యా చంద్రరావూ, తల్లి కాళ్ళు కాలిపోతున్నాయి" అన్నారు.

పోశాను మంజూ. బిందెడూ పోశాను. నా చీర తడిసింది, అతని కాళ్ళు తడిశాయి, రోడ్డు మీద పొగలు లేచాయి. గరగకి బొట్టు పెడుతుంటే ఏడుపొచ్చింది. డప్పు మళ్ళీ మొదలైంది. గొణిగినవాళ్ళు గొణిగారు. ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు. వెనక నించున్న కోడలు పిల్లలు మాత్రం నా వంక అదోలా చూశారు, వాళ్ళ పూజగదుల్లో ఏముందో నాకు తెలుసు.

సాయంత్రం మా అత్తగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నీ ముగ్గుల కవర్ల సంగతి ఆవిడకి ముందే తెలుసుట. కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చూశారుట. "నీ మేనకోడలు బాగా వేస్తుందా?" అని అడిగారు. వేస్తుందండి అన్నాను. అప్పుడు, "నాది తీసేశాక ఏం చేశారో, ఎక్కడ పారేశారో ఎవరూ చెప్పలేదే. ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ముప్ఫై రెండేళ్ళే నాకు. నాది కూడా ఒకటి వెయ్యమని రాస్తావా?" అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంతకాలంలో ఎప్పుడూ పట్టుకోలేదు.

అందుకని ఇప్పుడు చెబుతున్నాను, విను. నీ కాలేజీ గోడ వాళ్ళనే ఉంచుకోమను. రంగులు తీసుకుని ఇక్కడికి రా. మా ప్రహరీ గోడ, వీధి వైపుది, గరగ ఆగే చోటుకి ఎదురుగా ఉన్నది, నీది. ఇద్దరు ఆడవాళ్ళను వెయ్యి, పక్కపక్కనే. ఒకటి మా అత్తగారి ముఖం, వయసులో ఉన్నప్పటిది. పెళ్ళి ఫొటో ఇస్తానన్నారు. రెండోది నా ముఖం. పుట్టుమచ్చ మర్చిపోకు. సంచి గుప్పెడంతే వెయ్యి, ఉన్నంతే. నిమ్మకాయ కూడా వెయ్యి.

మీ మావయ్యగారికి ఇంకా చెప్పలేదు. సున్నం కొట్టిస్తారేమో. కొట్టించనీ. సున్నం కొట్టేవాడైనా ముందు మా ముఖాలు చూడాలిగా.

నీలవేణి